వైరల్ జ్వరం వచ్చి పోయాక సోరియాసిస్ ముదిరింది. ఇది వైరస్ పనేనా?

అనంతపురం_అబ్బాయి:

అందరికీ నమస్తే. మా తమ్ముడి సంగతి అడుగుదామని రాస్తున్నాను, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. వాడికి ఇంటర్ చదివే రోజుల నుంచీ సోరియాసిస్ ఉంది. మోచేతులు, మోకాళ్లు, చెవుల వెనక, అంతవరకే. చలికాలం కాస్త ఎక్కువయ్యేది, ఎండలు ముదిరితే తగ్గేది. కొబ్బరినూనె, డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్‌తో నెట్టుకొచ్చేవాడు. మొన్న వానాకాలం మా ఊళ్లో ఇంటింటికీ వచ్చినట్టే వాడికీ చికున్‌గున్యా వచ్చింది. జ్వరం వారంలోపే దిగింది, కీళ్ల నొప్పులు మాత్రం పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే వీపు, పొట్ట, తొడలు, ఎక్కడ చూసినా ఎర్రటి మచ్చలు, వాటి మీద వెండి రంగు పొలుసులు. పొద్దున దుప్పటి దులిపితే గచ్చు మీద తెల్లగా రాలుతోంది. ముక్కు మీద నల్లమచ్చ కూడా పడింది.

ఆ వైరస్ ఇంకా చర్మంలో ఉండిపోయి ఇదంతా చేస్తోందా? ఉంటే దాన్ని చంపే మందు ఉందా? ఇంకో మాట, చెప్పాలంటే బాధగా ఉంది. వైరస్ అంటున్నారుగా, అంటుకుంటుందేమో అని వాళ్ల అత్తగారింట్లో వాడికి కంచం, గ్లాసు వేరే పెట్టారు. వాడు ఆ ఇంటికి భోజనానికి వెళ్లడమే మానేశాడు.

ప్రసాద్_తెనాలి:

అన్నా, ముందు ఆ కంచం సంగతి తేల్చుకోండి. సోరియాసిస్ అంటుకోదు. పెళ్లయినప్పటి నుంచీ నేనూ మా ఆవిడా ఒకే దుప్పటి, ఒకే సబ్బు, ఆవిడకి గోరంత మచ్చ రాలేదు. చికున్‌గున్యా ఏడిస్ దోమ కుడితే వస్తుంది, కంచం వల్ల రాదు. ఈ రెండు ముక్కలూ వాళ్ల మామగారికి ఎవరైనా పెద్దవాళ్లతో చెప్పించండి, తమ్ముడితో చెప్పించొద్దు.

ఇక జ్వరం తర్వాత పెరగడం నాకూ అయింది. కరోనా రెండో వేవ్‌లో పాజిటివ్ వచ్చింది, ఊపిరితిత్తులకి ఏమీ కాలేదు, ఒళ్లు మాత్రం తిరగబెట్టింది. అప్పుడు మా డాక్టర్ మచ్చలు చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న, "జ్వరానికి ఏం మందులు వాడారు?" అని. మీ తమ్ముడి మందు చీటీ ఉంటే ఒకసారి చూడండి, ఏమేం ఇచ్చారో ఇక్కడ రాయండి.

అనంతపురం_అబ్బాయి:

ప్రసాద్ గారూ, చీటీ లేదు కానీ ఖాళీ అట్టలు వాళ్లావిడ దాచింది. పారాసిటమాల్ సరే. హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 ఉంది. ఇంకోటి ప్రెడ్నిసోలోన్ 10. మా ఊరి ఆర్ఎంపీ నొప్పులకని ఇచ్చాడట, వేసుకున్న మర్నాడే లేచి తిరిగాడు, చర్మం కూడా నున్నగా అయిపోయింది, దాంతో అందరం సంబరపడ్డాం. నొప్పి తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపేశాడు. ఆపిన తర్వాతే ఈ విజృంభణ.

చర్మ_వైద్యురాలు_వరంగల్:

ఈ అట్టల సంగతి రాసి మంచి పని చేశారు. మనిషిని చూడకుండా మందు చెప్పను, కానీ జరిగింది ఏమై ఉండొచ్చో చెప్తాను.

చికున్‌గున్యా సోరియాసిస్‌ని రేపుతుందన్న మాట నిజమే. 2005 చివర్లో మొదలై 2006లో ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రలను ఊపేసిన ఆ జ్వరాల తర్వాత, అప్పటిదాకా అదుపులో ఉన్న సోరియాసిస్ పెరిగిన కేసులనీ, కొత్తగా మొదలైన కేసులనీ మన చర్మ వైద్యులే జర్నల్స్‌లో రాశారు. ముక్కు మీద నల్లమచ్చ ఆ జ్వరం వదిలిపోయే గుర్తు, చాలామందిలో చూశాం. అది సోరియాసిస్ కాదు, నెలల మీద దానంతటదే పలచబడుతుంది.

కానీ మీ తమ్ముడి విషయంలో వైరస్ ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టలేను. ఇక్కడ మూడు కలిసి వచ్చాయి. ఒకటి జ్వరం. రెండోది హైడ్రాక్సీక్లోరోక్విన్, మలేరియా మందుల జాతిది. ఈ జాతి మందులు కొందరిలో సోరియాసిస్‌ని పెంచుతాయని మాకు ఎప్పటి నుంచో తెలుసు. మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, ప్రెడ్నిసోలోన్. స్టెరాయిడ్ టాబ్లెట్ వేసుకుంటే సోరియాసిస్ మంత్రం వేసినట్టు అణుగుతుంది. హఠాత్తుగా ఆపితే ఉన్నదానికి రెట్టింపు కోపంతో తిరిగొస్తుంది, ఒక్కోసారి ఒళ్లంతా చీము పొక్కులుగా కూడా మారుతుంది. చర్మం నున్నగా అయిందని సంబరపడ్డామన్నారు చూడండి, సరిగ్గా అదే ఆ టాబ్లెట్ చేసే పని. ఆ ఆర్ఎంపీ దగ్గరికి మళ్లీ వెళ్లి అదే మందు తెచ్చుకోకుండా చూడండి, ఇప్పుడు మీరు చేయగలిగినవాటిలో అదే ముఖ్యం.

వైరస్ చర్మంలో కూర్చుని ఉందా అంటే, చికున్‌గున్యాను చంపే మందు ఇప్పటిదాకా లేదు, మీ తమ్ముడి పొలుసులకి అది అవసరం కూడా కాదు. జ్వరంతో రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయింది, సోరియాసిస్‌కి మొగ్గు ఉన్న ఒళ్లు కాబట్టి ఆ రెచ్చిపోవడం చర్మం మీదికి మళ్లింది.

ఇవి కనబడితే మాత్రం ఆగొద్దు: ఒళ్లంతా ఎర్రబడి వేడెక్కడం, చలిజ్వరం, చిన్న చిన్న చీము పొక్కులు గుంపులుగా లేవడం, కాళ్ల వాపు. రాత్రయినా సరే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

వేపచెట్టు:

అందరూ ఇంగ్లిషు మందుల గురించే మాట్లాడుతున్నారు. మా పెద్దలు ఇలాంటివాటికి వేపాకు నీళ్లతో స్నానం, పత్యం, రక్తశుద్ధికి కషాయం ఇచ్చేవారు. ఒంట్లో విషం బయటకి పోవడానికే చర్మం మీద ఇలా వస్తుంది, దాన్ని అణచకూడదు అనేవారు. నాకు తెలిసినవాళ్లకి తగ్గింది కూడా. ప్రయత్నిస్తే పోయేదేముంది?

ప్రసాద్_తెనాలి:

వేపచెట్టు గారూ, గోరువెచ్చటి నీళ్ల స్నానం, ఒళ్లు తుడుచుకోగానే నూనె, దానికి ఎవరూ కాదనరు, నేనూ చేస్తాను. ముక్కూ మొహం తెలియని కషాయాల దగ్గరే నాకు భయం. మా వీధిలో ఒకాయన రక్తశుద్ధి అని ఒక పొడి తిన్నాడు, చర్మం తళతళలాడింది, తర్వాత ముఖం ఉబ్బింది, షుగర్ పెరిగింది. ల్యాబ్‌లో చూపిస్తే అందులో స్టెరాయిడ్ కలిపారని తేలింది. తమ్ముడి ఒళ్లు ఇప్పుడే ఆ దెబ్బ తిని ఉంది, ఇంకోసారి తట్టుకోలేదు.

మైక్రో_పరిశోధన:

నేను హైదరాబాద్‌లో వైరాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను, డాక్టర్‌ని కాను. అనంతపురం అన్న మొదటి ప్రశ్నకి, అంటే వైరస్ చర్మంలో ఉండి దీర్ఘకాలిక వ్యాధి తెస్తుందా అన్నదానికి, నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

నేరుగా వైరసే కారణమైన ఉదాహరణ ఒకటుంది. జమైకాలో చిన్నపిల్లలకి తల, చెవులు, ముక్కు చుట్టూ రసి కారే మొండి ఎగ్జిమా వచ్చేది, దాన్ని 1966లో వర్ణించారు. 1990లో ఆ పిల్లల్లో హెచ్‌టీఎల్‌వీ-1 అనే వైరస్ ఉందని తేలింది, తల్లి పాల ద్వారా వచ్చేది. అలాంటి స్పష్టమైన కేసులు చాలా అరుదు.

సోరియాసిస్‌లో అలా తేల్చాలని చాలామంది ప్రయత్నించారు. 1998లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు సోరియాసిస్ మచ్చల్లో హెచ్‌పీవీ-5 అనే పాపిలోమా వైరస్ డీఎన్ఏ ఎక్కువగా కనబడుతోందని చెప్పారు, దొంగ దొరికినట్టే అనుకున్నారు. తర్వాత చూస్తే, ఆ జాతి వైరస్‌లు ఆరోగ్యంగా ఉన్నవాళ్ల వెంట్రుకల కుదుళ్లలో కూడా మామూలుగా ఉంటాయి. మచ్చలో కణాలు వేగంగా పెరుగుతుంటాయి కాబట్టి వైరస్‌కి అక్కడ మేత దొరుకుతుంది, అందుకే ఎక్కువగా కనబడి ఉండొచ్చు. వైరస్ వల్ల మచ్చ వచ్చిందో, మచ్చ వల్ల వైరస్ పెరిగిందో ఆ ఒక్క పరీక్షతో తేలదు. ఎవరైనా "మచ్చలో వైరస్ దొరికింది, కాబట్టి అదే కారణం" అని వాట్సాప్‌లో పంపితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

నన్ను నిజంగా పట్టేసింది ఇంకోటి. వైరస్ వస్తే మన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదులుతాయి, హెచ్చరిక లాంటిది. హెపటైటిస్ సి అనే లివర్ వైరస్ జబ్బుకి ఒకప్పుడు ఆ ఇంటర్‌ఫెరాన్‌నే ఇంజెక్షన్‌గా ఇచ్చేవారు, అలా తీసుకున్న కొందరికి సోరియాసిస్ కొత్తగా మొదలైంది. పులిపిర్లకి రాసే ఇమిక్విమాడ్ క్రీమ్ ఉంది, అది వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే టీఎల్ఆర్-7 అనే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. ఆ క్రీమ్ రాసినచోట సోరియాసిస్ లేచిన మనుషులున్నారు, 2009 నుంచి ఎలుకల మీద అదే క్రీమ్ రాసి సోరియాసిస్ లాంటి వాపు తెప్పించి పరిశోధనలు చేస్తున్నారు. 2007లో ఇంకో సంగతి బయటపడింది. సోరియాసిస్ చర్మంలో ఎల్ఎల్-37 అనే చిన్న ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది, అది మన సొంత చచ్చిన కణాల డీఎన్ఏకి చుట్టుకుంటే, రోగనిరోధక కణాలు దాన్నే వైరస్ అనుకుని ఇంటర్‌ఫెరాన్ వదులుతాయి. దొంగ రాకుండానే వీధి కుక్కలన్నీ మొరిగినట్టు. కాబట్టి అసలు వైరస్ లేకపోయినా, వైరస్ మీద జరిగే యుద్ధమే చర్మంలో జరుగుతూ ఉండొచ్చు. జ్వరం వచ్చి పోయాక ఎందుకు రేగుతుందో కూడా దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

చిన్నూ_అమ్మ:

నేను ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు, ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. మా చిన్నూకి పుట్టిన ఏడాదిలోపే ఎగ్జిమా మొదలైంది. బుగ్గలు, మోచేతి మడతలు, మోకాళ్ల వెనక. గోక్కుని గోక్కుని రాత్రుళ్లు నిద్రుండేది కాదు. పోయిన సంక్రాంతికి చుట్టాలందరూ వచ్చారు, అందరూ వాణ్ని ఎత్తుకున్నారు, ముద్దులు పెట్టారు. అందులో ఒకరికి పెదవి చివర జ్వరపు పొక్కు ఉంది, నేను చూశాను కూడా, అదేమవుతుందిలే అనుకున్నాం అందరం.

తర్వాత కొద్ది రోజులకే బుగ్గ మీద నీటి పొక్కులు. మామూలు ఎగ్జిమాలా లేవు. అన్నీ ఒకే సైజు, ఆవగింజంత, నడుమ చిన్న గుంట, దగ్గర దగ్గరగా. మర్నాటికి అవి చిట్లి పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రటి పుళ్లయ్యాయి. జ్వరం 103. ఇదివరకు దురదని ఏడ్చేవాడు, ఇప్పుడు ముట్టుకుంటే నొప్పని ఏడుస్తున్నాడు, పాలు తాగడం లేదు. మా అత్తయ్య చూసి అక్కి అంది, కుమ్మరాయన దగ్గర జాజుతో రాయించుకొద్దామంది. ఆవిడ ప్రేమతోనే అంది. దగ్గర్లో చూపిస్తే ఎగ్జిమా ముదిరిందని ఇంకా ఘాటు స్టెరాయిడ్ క్రీమ్ రాసిచ్చారు. రెండోచోట ఒక పెద్ద డాక్టర్ పొక్కు అడుగున గీకి గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసి, గంటలో చెప్పారు, ఇది హెర్పిస్ వైరస్, వెంటనే అడ్మిట్ చేయండి అని. నరంలోకి ఎసైక్లోవిర్ ఎక్కించారు. కంటి దగ్గర కూడా రెండు పొక్కులుంటే కంటి డాక్టర్‌ని పిలిపించారు. దేవుడి దయ, చూపుకేమీ కాలేదు.

ఎగ్జిమా ఉన్న పిల్లల తల్లులెవరైనా చదువుతుంటే, ఆ ఒకే సైజు పొక్కులు, నడుమ గుంట, ఆ గుండ్రటి పుళ్లు, జ్వరం, ఇవి కళ్లలో పెట్టుకోండి. తెల్లారేదాకా ఆగొద్దు. ఒకటి అడగాలి డాక్టర్ గారూ, ఇది మళ్లీ వస్తుందా?

చర్మ_వైద్యురాలు_వరంగల్:

చిన్నూ అమ్మగారూ, మీరు రాసిన ఆ పొక్కుల వర్ణన మా పుస్తకాల్లో ఉన్నదానికన్నా స్పష్టంగా ఉంది. దీన్ని ఎగ్జిమా హెర్పెటికం అంటారు, 1887లో కపోసి అనే వైద్యుడు వర్ణించాడు. మీ బాబుకి చేసింది జాంక్ స్మియర్, ఖర్చు చాలా తక్కువ, చిన్న ఊళ్లో కూడా చేయొచ్చు. దీర్ఘకాలిక చర్మ వ్యాధి, వైరస్ కలిసినప్పుడు నిజంగా ప్రాణం మీదికి వచ్చేవాటిలో ఇది ముఖ్యమైనదని నేను మా జూనియర్లకి చెప్తుంటాను. ఎసైక్లోవిర్ మొదలుపెట్టడం ఎంత ఆలస్యమైతే ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులు అంత పెరుగుతాయి.

ఈ పిల్లలకే ఎందుకంటే, ఎగ్జిమా ఉన్న చాలామందిలో చర్మం పైపొర గట్టిగా అల్లుకోదు. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులో లోపం ఉంటే అలా అవుతుందని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ పరిశోధకులు కనుక్కున్నారు. దానికి తోడు ఎలర్జీ తరహా వాపులో విడుదలయ్యే ఐఎల్-4, ఐఎల్-13 అనే పదార్థాలు చర్మంలోని సహజ క్రిమినాశకాలను తగ్గించేస్తాయి. మైక్రో పరిశోధన గారు చెప్పిన ఆ ఎల్ఎల్-37 ఉంది చూడండి, సోరియాసిస్‌లో అది ఎక్కువ, ఎగ్జిమాలో తక్కువ. అందుకే సోరియాసిస్ మచ్చల మీద హెర్పిస్ ఇలా పాకడం అరుదు.

మళ్లీ వస్తుందా అంటే, కొందరికి వస్తుంది. మామూలు రోజుల్లో ఎగ్జిమాను అదుపులో ఉంచడమే పెద్ద రక్షణ. స్నానం కాగానే మాయిశ్చరైజర్ దండిగా రాయండి. డాక్టర్ రాసిన స్టెరాయిడ్ క్రీమ్ చూసి భయపడి మానేయొద్దు. పెదవి మీద వచ్చే ఆ జ్వరపు పొక్కు కూడా హెర్పిసే, అది ఉన్నవాళ్లు ఎవరైనా సరే, అమ్మమ్మైనా సరే, ఆ పుండు మానేదాకా ముద్దు పెట్టకూడదు. బడిలో హ్యాండ్ ఫుట్ మౌత్ అనే వైరస్ జబ్బు తిరుగుతున్నప్పుడు కూడా ఈ పిల్లల ఎగ్జిమా మచ్చల మీదే పొక్కులు దట్టంగా లేస్తాయి, ముఖ్యంగా కాక్సాకీ ఎ6 రకం అయితే. చూడ్డానికి హెర్పిస్ లాగే ఉంటుంది, కొన్ని వారాల తర్వాత గోళ్లు ఊడితే కంగారుపడొద్దు, కొత్తవి వస్తాయి. అయితే ఏది హెర్పిస్, ఏది కాదు అన్నది ఇంట్లో తేల్చుకునే పని కాదు.

డాలస్_మూర్తి:

ఇక్కడ నాకు లైకెన్ ప్లానస్ అన్నారు, మణికట్టు మీద ఊదారంగు బిళ్లలు, నోట్లో బుగ్గ లోపల తెల్లటి జల్లెడ గీతలు. కారం తింటే నోరు మండిపోతుంది, ఆవకాయ మానేయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. డాక్టర్ హెపటైటిస్ సి పరీక్ష రాసింది, చర్మానికీ లివర్‌కీ ఏం సంబంధం అని టెన్షన్ పడుతున్నాను. చిన్నప్పుడు ఊళ్లో ఒకే సూదితో అందరికీ ఇంజెక్షన్లు వేసేవారు, అది గుర్తొచ్చి నిద్ర పట్టడం లేదు.

మైక్రో_పరిశోధన:

మూర్తి అంకుల్, ఆ సంబంధం ఉన్నమాట నిజం, కానీ దేశాన్నిబట్టి మారుతుంది. జపాన్, ఇటలీ లాంటి చోట్ల లైకెన్ ప్లానస్ ఉన్నవాళ్లలో హెపటైటిస్ సి ఎక్కువగా కనబడింది, ఉత్తర ఐరోపాలో అంతగా లేదు. పైగా అమెరికాలో 2020 నుంచీ పెద్దవాళ్లందరికీ జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించమని సలహా ఉంది, కాబట్టి మీకు చర్మ వ్యాధి లేకపోయినా చేయించాల్సిందే. ఒకవేళ పాజిటివ్ వచ్చినా ఇప్పుడు ఇంటర్‌ఫెరాన్ సూదుల రోజులు పోయాయి, కొన్ని వారాల టాబ్లెట్లతో దాదాపు అందరికీ నయమవుతోంది. వైరస్ పోయినంత మాత్రాన నోటి గీతలు కూడా పోతాయని మాత్రం అనుకోవద్దు, వాటి చికిత్స వాటిదే.

కౌన్సెలర్_ఐసీటీసీ:

ఇది చెప్పడానికి అందరూ మొహమాటపడతారు కాబట్టి నేను చెప్తాను. ఉన్నట్టుండి ఒళ్లంతా పేలినట్టు సోరియాసిస్ వస్తే హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయించాలి. నడవడిక మీద అనుమానంతో కాదు, పుస్తకంలో ఉన్న నియమం. హెచ్‌ఐవీలో సీడీ4 అనే రోగనిరోధక కణాలు తగ్గుతాయి, రోగనిరోధక శక్తి పడిపోతే సోరియాసిస్ తగ్గాలి కదా అనిపిస్తుంది, తీరా చూస్తే ఉధృతమవుతుంది. హెచ్‌ఐవీకి ఇచ్చే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టాక చాలామందికి చర్మం కూడా తేరుకోవడం నా కళ్లతో చూశాను. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రంలో, పరీక్ష ఉచితం, వివరాలు బయటకి పోవు. అనంతపురం అన్నయ్యా, తమ్ముడితో నెమ్మదిగా మాట్లాడి తీసుకెళ్లండి, పక్కన మీరుంటే ధైర్యంగా ఉంటుంది.

అనంతపురం_అబ్బాయి:

అందరికీ ముందుగా దండాలు. తమ్ముణ్ని కర్నూలు తీసుకెళ్లి చర్మం డాక్టర్‌కి, తర్వాత కీళ్ల డాక్టర్‌కి చూపించాం. అట్టలన్నీ పట్టుకెళ్లాం, ప్రెడ్నిసోలోన్ అట్ట చూడగానే చర్మం డాక్టర్ కూడా వరంగల్ మేడమ్ చెప్పిందే చెప్పారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపించారు. కీళ్ల డాక్టర్ ఒక్కో వేలు నొక్కి చూశారు, గోళ్లు వెలుతురుకి తిప్పి చూశారు. గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు గుంటలున్నాయి, కుడిచేతి ఒక వేలు మొత్తం ఉబ్బి ఉంది. మేము ఇన్నాళ్లూ చికున్‌గున్యా నొప్పులు అనుకుంటున్నది సోరియాసిస్ కీళ్లవాతం కూడా కావచ్చని, ఎక్స్‌రే తీయించమన్నారు. హెచ్‌ఐవీ నెగటివ్. హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష చేయించారు, అన్నీ బాగానే ఉన్నాయి. ఇప్పుడు మెథోట్రెక్సేట్ అనే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందు మొదలుపెడతామంటున్నారు. ఈ చర్మానికి ఇన్ని వైరస్ పరీక్షలెందుకో మావాళ్లకి అర్థం కాలేదు. ఇంట్లో ఇంకో భయం, ఈ మందు వాడుతుంటే వైరల్ జ్వరాలు ఇంకా ఎక్కువొస్తాయా, టీకాలేమైనా వేయించాలా?

ఇంకో సంగతి, వాళ్ల మామగారితో మా పెదనాన్న మాట్లాడారు. మొన్న ఆదివారం వాళ్లే మా ఇంటికి వచ్చి, తమ్ముడి పక్కన కూర్చుని తిన్నారు.

చర్మ_వైద్యురాలు_వరంగల్:

చాలా సంతోషం, సరైన చోటికే వెళ్లారు. సోరియాసిస్ ఉన్నవాళ్లలో పది మందిలో ముగ్గురి దాకా కీళ్లు పట్టుకోవచ్చు, ఆ వేలు ఉబ్బడం, గోళ్ల గుంటలు దాని గుర్తులే. చికున్‌గున్యా నొప్పుల చాటున అది దాగిపోతే కీళ్లు అరిగిపోయేదాకా తెలియదు, కాబట్టి ఆ ఎక్స్‌రే తప్పకుండా తీయించండి.

వైరస్ పరీక్షలు ఎందుకంటే, హెపటైటిస్ బి ఒంట్లో నిద్రపోతూ ఉంటే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు దాన్ని లేపుతాయి, లివర్ దెబ్బతింటుంది. మెథోట్రెక్సేట్ లివర్‌కి కూడా హాని చేయొచ్చు కాబట్టి మందుకి ముందే చూసుకోవాలి, మధ్యమధ్యలో రక్త పరీక్షలు మానకూడదు, మద్యం అసలు వద్దు.

ఇక మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ కాదు. రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లని చూశాను. ఆ రోజు పేరు అట్ట మీద పెద్దక్షరాలతో తెలుగులో రాసి పెట్టండి. ఫోలిక్ యాసిడ్ డాక్టర్ చెప్పిన రోజున వేరేగా వేసుకోవాలి. జ్వరం గట్టిగా వస్తే ఆ వారం మోతాదు వేసుకునే ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి.

టీకాల సంగతి, ఫ్లూ టీకా సూది రకం నిరభ్యంతరంగా వేయించొచ్చు, అందులో బతికున్న వైరస్ ఉండదు. ఆటలమ్మ టీకా, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా టీకా) లాంటివి బతికున్న వైరస్‌తో చేసినవి, అవి మందు మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి. చిన్నప్పుడు వాడికి ఆటలమ్మ పోసిందో లేదో మీ అమ్మగారిని అడిగి, ఆ సంగతి ఈ వారమే డాక్టర్‌కి చెప్పండి, పోయకపోతే మందు కొన్ని వారాలు వాయిదా వేయాలో వద్దో ఆయన నిర్ణయిస్తారు.

అనంతపురం_అబ్బాయి:

అమ్మని అడిగాను మేడమ్. ఇద్దరికీ ఒకేసారి పోసిందట, మూడో తరగతిలో. రేపు కర్నూలు ఫోన్ చేసి చెప్తాను.